చైనా చుట్టపటంలో ప్రయాణించడం ఎలా: ఫుచున్ కొండల్లో ఒక గంట

చైనా ప్రకృతి చిత్రాల గురించి రాసినప్పుడల్లా పాఠకుల నుంచి ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "మీరు చెప్పిన పటాన్ని మ్యూజియం సైటులో తెరిచి చూశాము, పొడుగాటి బూడిదరంగు పట్టీలా ఉంది, రెండు నిమిషాల్లో అయిపోయింది, ఇందులో అంతగా చూడవలసినది ఏముంది?" అని అడుగుతున్నారు. లోపం చూసేవారిలోనూ లేదు, పటంలోనూ లేదు. గోడకు తగిలించిన బొమ్మను చూసినట్టు చుట్టపటాన్ని, అంటే చుట్టి ఉంచి కొంచెం కొంచెంగా విప్పుతూ చూసే పొడవాటి అడ్డపటాన్ని, ఒక్క చూపులో చూడబోవడం వల్లనే ఈ ఇబ్బంది వస్తుంది. చుట్టపటం అసలు ఆ విధంగా చూడడానికి గీసినది కాదు. అది దారి, నడిస్తేనే అందులో ఏముందో తెలుస్తుంది.

ఈ నడకకు చైనాలో చాలా పాత పేరే ఉంది. జోంగ్ బింగ్ (375–443) అనే చిత్రకారుడు జీవితమంతా కొండలు తిరిగి, ముసలితనంలో జబ్బుపడి జియాంగ్‌లింగ్‌లోని ఇంటికి చేరాక, తాను తిరిగిన కొండలన్నిటినీ గది గోడల మీద గీసుకుని, ఇకమీదట మనసును నిర్మలం చేసుకుని పడుకునే వాటిలో విహరిస్తానన్నాడు. ఏడు తంతుల చిన్ వాద్యం వాయించి ఆ కొండలన్నీ మారుమోగేలా చేస్తానని కూడా అన్నాడు. అప్పటి నుంచి 'వోయౌ', అంటే పడుకుని చేసే విహారం, అనే మాట చైనా చిత్రకళలో నిలిచిపోయింది. కాళ్ళు సహకరించని పెద్దవారికి, మంచం దిగలేని రోగులకు, సెలవు దొరకని ఉద్యోగులకు ఈ విహారం నిజంగా పనికివస్తుందని నేను నమ్ముతాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

- చుట్టపటానికి పెద్ద సైజులో తీసిన డిజిటల్ ఫొటో. మ్యూజియంల సొంత సైట్లలోనివే నమ్మదగినవి.
- 16:9 తెర (వెడల్పు 16 పాళ్ళు, ఎత్తు 9 పాళ్ళు) ఉన్న కంప్యూటర్ గాని, అడ్డంగా తిప్పి పట్టుకోగల టాబ్లెట్ గాని. ఫోను ఆఖరి ప్రత్యామ్నాయం.
- ఒక నోటుపుస్తకం, పెన్సిలు.
- ఎవరూ పిలవని ఒక గంట సమయం.

చైనా భాష అక్కరలేదు. బొమ్మలు గీయడం వచ్చి ఉండవలసిన అవసరమూ లేదు.

1. పటాన్ని ఎంచుకోండి

మొదటి ప్రయాణానికి హువాంగ్ గోంగ్‌వాంగ్ (1269–1354) గీసిన 'ఫుచున్ కొండల్లో నివాసం' తీసుకోండి. జెజియాంగ్ ప్రాంతంలో హాంగ్‌జౌకు ఎగువన ఫుచున్ నది ఒడ్డు కొండలివి. ఆయన 1347లో మొదలుపెట్టి, మూడు నాలుగేళ్ళయినా పూర్తికాలేదని 1350లో పటం చివర తానే రాసుకున్నాడు. తాను ఊళ్ళు తిరుగుతూ ఉంటే పటం కొండల్లోని ఇంట్లోనే ఉండిపోవడం వల్ల ఆలస్యమైందని, అందుకే ఇప్పుడు సామానులో పెట్టుకుని వెంట తీసుకువెళ్తూ తీరిక దొరికినప్పుడల్లా గీస్తానని ఆ రాతలో ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి మూటలో కట్టుకుని తిప్పిన పటం కాబట్టి, దీన్ని తొందరగా చూసేయడం దానికి అన్యాయం చేయడమే.

ఈ పటం ఇప్పుడు రెండు ముక్కలుగా ఉంది. 1650లో దాని యజమాని వూ హోంగ్‌యూ, తాను చనిపోయేముందు పటం కూడా తనతో రావాలని దాన్ని మంటలో వేయించగా, ఆయన సోదరుని కొడుకు దాన్ని బయటికి లాగి కాపాడాడు. కాలి విడిపోయిన మొదటి ముక్క, 51.4 సెంటీమీటర్లది, హాంగ్‌జౌలోని జెజియాంగ్ ప్రాంతీయ మ్యూజియంలో ఉంది. 636.9 సెంటీమీటర్ల పెద్ద భాగం తైవాన్‌లోని తైపే నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. 2011లో తైపేలో రెంటినీ కలిపి ప్రదర్శించారు. మనం నడవబోయేది ఈ పెద్ద భాగంలోనే.

హెచ్చరిక: ఇదే పటానికి పాత నకలు ఒకటి అదే తైపే మ్యూజియంలో ఉంది, దాని ఫొటోలు కూడా ఇదే పేరుతో దొరుకుతాయి. చియన్‌లాంగ్ చక్రవర్తి చేతికి 1745లో ముందు నకలు వచ్చింది. ఆయన అదే అసలైనదని నమ్మి దాని మీద యాభైకి పైగా రాతలు రాశాడు. మరుసటి ఏడాది అసలు పటం వస్తే దాన్నే నకలు అనుకున్నాడు. ఆ పొరపాటు వల్లనే అసలు పటంలో ఆకాశం చాలావరకు ఖాళీగా మిగిలింది. మీరు తెరిచిన ఫొటోలో కొండల పైన ఖాళీ ఎక్కడా లేకుండా అక్షరాలు కిక్కిరిసి ఉంటే, మీరు నకలులో ఉన్నారని గుర్తుపట్టి బయటికి వచ్చేయండి.

ప్రత్యామ్నాయాలు: గంట దొరకనివారు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలోని 'వేసవి పర్వతాలు' చూడవచ్చు. 1050 ప్రాంతానిదైన ఈ పటాన్ని చూ డింగ్ గీశాడని చెబుతారు. పొడవు 115 సెంటీమీటర్లే కాబట్టి ఇరవై నిమిషాలు చాలు. మసక వెలుతురు, పొగమంచు ఇష్టపడేవారికి టోక్యో నేషనల్ మ్యూజియంలోని 'షియావో–షియాంగ్ నదుల్లో స్వప్నవిహారం' ఉంది. ముప్పై ఏళ్ళు దేశమంతా తిరిగినా ఆ రెండు నదుల ప్రాంతాన్ని మాత్రం చూడలేకపోయిన ఒక బౌద్ధ సన్యాసి కోసం 1170 ప్రాంతంలో గీసిన పటమది. పడుకుని విహరించడమనే మాటకు అంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు. అయితే సిరా చాలా పలచన కాబట్టి మొదటిసారి చూసేవారికి అందులో దారి దొరకదు.

బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోని 'వేయి లీల నదులు, పర్వతాలు' ('లీ' అంటే చైనాలో దూరపు కొలత) చాలామంది ముందుగా తెరిచే పటం. వాంగ్ షీమెంగ్ 1113లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, నీలం, పచ్చ ఖనిజపు రంగులతో గీసిన ఆ పటం 1191.5 సెంటీమీటర్ల పొడవుంటుంది. అద్భుతమైనదే గాని మొదటి ప్రయాణానికి నేను దాన్ని సిఫారసు చేయను. రంగులు కళ్ళను ఆపేస్తాయి, కాళ్ళు కదలవు.

2. కిటికీ కొలత సరిచూసుకోండి

పటం చూసేవారు బల్ల ముందు కూర్చుని, ఎడమ చేత్తో విప్పుతూ, కుడి చేత్తో చుట్టుకుంటూ, రెండు చేతుల మధ్య పట్టినంత మేరకే, అంటే 50–60 సెంటీమీటర్లు మాత్రమే, ఒకసారికి చూసేవారు. ముందు ఏముందో తెలియకపోవడం, వెనకటిది కనుమరుగవడం ఈ ప్రయాణానికి ప్రాణం. కాబట్టి మీ తెర మీద కూడా అంతే కనిపించాలి.

లెక్క తేలికే. పటం ఎత్తు 33 సెంటీమీటర్లు. ఆ ఎత్తు తెర ఎత్తంతా నిండేలా పెంచితే, 16:9 తెర మీద వెడల్పున సుమారు 59 సెంటీమీటర్ల పటం కనిపిస్తుంది. సరిగ్గా రెండు చేతుల మధ్య దూరమే. ఈ కొలతతో మొత్తం పటం దాదాపు 11 తెరలవుతుంది. ఒక్కో తెరను ఒక మజిలీ అనుకుని, మజిలీకి అయిదు నిమిషాల చొప్పున పెట్టుకుంటే గంటకు సరిపోతుంది.

సరిచూసుకునే విధం: పటం పై అంచు, కింది అంచు రెండూ తెర మీద కనిపించాలి, కుడి ఎడమ అంచులు మాత్రం కనిపించకూడదు. ఫోను తెర మరీ పొడవుగా ఉంటుంది కాబట్టి 70 సెంటీమీటర్లకు పైగా కనిపిస్తుంది. అప్పుడు తెరకు ఒక పక్క అట్టముక్క అడ్డం పెట్టుకోండి.

కాగితం మీద చేతులతో విప్పి చూడాలనుకునేవారు ఇంజనీరింగ్ డ్రాయింగులు ప్రింటు తీసే షాపులో పొడవాటి రోలు కాగితం మీద సగం సైజులో, అంటే 16.5 సెంటీమీటర్ల ఎత్తున, 318 సెంటీమీటర్ల పొడవున తీయించుకోవచ్చు. దీనికి ఫొటో ఎత్తు కనీసం 1,000 పిక్సెళ్ళు, పూర్తి సైజుకైతే 2,000 పిక్సెళ్ళు ఉండాలి. అంతకన్నా చిన్న ఫొటో అయితే గీతలు మసకబారి కొండలు మరకల్లా కనిపిస్తాయి. ఫ్లెక్సీ మీద మాత్రం తీయించకండి, దాని మెరుపు సిరా ఛాయలను చంపేస్తుంది. ప్రింటుకు రెండు వైపులా ఒక అడుగు ఖాళీ కాగితం అతికించి, ఎడమ కొసకు కరెంటు వైరింగుకు వాడే 25 మిల్లీమీటర్ల పైపు ముక్కను, కుడి కొసకు సన్నని కర్రపుల్లను అంటించండి. మైదా ఉడికించిన జిగురు చాలు. చైనాలో పటాలకు వెనక కాగితం అంటించేవారు వాడేదీ గోధుమ పిండి జిగురే. జిగురు పలచగా, సమానంగా రాయకపోతే ఆరాక కాగితం ముడతలు పడుతుంది.

3. కుడి కొస నుంచి బయలుదేరండి

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తెలుగు ఎడమ నుంచి కుడికి చదివే అలవాటు వల్ల మన కన్ను ఎడమ కొసకు పోతుంది, సైట్లు కూడా ఫొటోను తరచు ఎడమ కొస నుంచే చూపిస్తాయి. పాతకాలపు చైనా రాత, పటం రెండూ కుడి నుంచి ఎడమకు సాగుతాయి. నేను కూడా మొదటిసారి ఎడమ నుంచే చూశాను. ఊరి పొలిమేర నుంచి మొదలై ఇంటికి చేరవలసిన దారి నాకు తలకిందులైంది, చివర రావలసిన ఒంటరి శిఖరం మొదట్లోనే ఎదురై తరవాతి కొండలన్నీ చిన్నబోయాయి.

మీరు సరైన కొసలో ఉన్నారో లేదో ఇలా చూసుకోండి. రాతలను బట్టి నిర్ణయించకండి, ఈ పటానికి రెండు వైపులా రాతలున్నాయి. ఒంటరిగా నిటారుగా లేచిన ఒక శిఖరం, దాన్ని దాటాక నీటికి అవతల పలచని బల్లపరుపు కొండలు కనిపిస్తే అది చివర. అక్కడి నుంచి పూర్తిగా కుడికి జరగండి. మొదట్లో మరో గుర్తు కూడా ఉంది. చుట్టి ఉండగా కాలింది కాబట్టి నిప్పు పైపొరలను ఒకే చోట తాకింది. అందువల్ల కుడి కొస దగ్గర సమాన దూరాల్లో, క్రమంగా చిన్నవవుతూ, అతుకులు వేసిన మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చల దగ్గర ఒక్క నిమిషం ఆగమని నా మనవి. 1650 నాటి ఆ చేయి ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మనకు ఈ దారి ఉండేది కాదు.

4. కాలు పెట్టే చోటు వెతకండి

ప్రతి మజిలీలోనూ మొదట కొండను చూడకండి, నేలను చూడండి. కాలిబాట, వంతెన, పడవ, ఇంటి గడప, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. పడవల్లో జాలరులు, నీటి ఒడ్డు మంటపంలో కూర్చున్న మనిషి, వంతెన మీద నడుస్తున్న మనిషి ఈ పటంలో ఉన్నారు. అందరూ చాలా చిన్నవారు. వారిని కథానాయకులు అనుకోకండి. వారు మీ ఎత్తు చెప్పడానికి ఉన్నవారు. వారి పక్కన నిలబడి తల పైకెత్తితే ఆ చెట్టు ఎంత ఉంటుందో, దాని వెనక కొండ ఎంత ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

11వ శతాబ్దపు చిత్రకారుడు గువో షీ మంచి ప్రకృతి చిత్రానికి నాలుగు గుణాలు చెప్పాడు: నడవగలిగేది, దూరం నుంచి చూడగలిగేది, విహరించగలిగేది, నివసించగలిగేది. వాటిలో చివరి రెండూ ఉన్న చిత్రమే గొప్పదన్నాడు. సిద్ధాంతం ఇంతకు మించి మనకు అక్కరలేదు. దీన్ని ప్రశ్నలుగా మార్చుకుని ప్రతి మజిలీలోనూ నోటుపుస్తకంలో జవాబు రాయండి: ఇక్కడ నేను ఎటు నడిచాను? దూరాన ఏం కనిపించింది? కాసేపు తిరగాలనిపించిన చోటేది? ఇల్లు కట్టుకోమంటే ఎక్కడ కట్టుకుంటాను?

5. చూపును మూడు విధాలుగా మార్చండి

పాశ్చాత్య చిత్రాలకు అలవాటుపడిన కళ్ళు దారులన్నీ దూరాన కలిసే ఒకే బిందువు కోసం వెతుకుతాయి. అది ఇక్కడ లేదు, ఎందుకంటే నడిచేవాడి కన్ను ఒకచోట నిలబడదు. కింద నిలబడి శిఖరాన్ని పైకి చూడడం, ముందు కొండ మీదుగా వెనక కొండల మధ్యకు తొంగిచూడడం, దగ్గరి కొండ నుంచి దూరపు కొండలకు తిన్నగా చూపు సారించడం, ఈ మూడు దూరాలనూ గువో షీయే చెప్పాడు. ఫుచున్ పటంలో మూడోది ఎక్కువ. నది వెడల్పయిన చోట దాన్ని సాధన చేయండి. ఒక మజిలీలో "ఈ కొండ వంకరగా, తప్పుగా ఉంది" అనిపిస్తే, మీరు నిలబడిన చోటు మార్చి మళ్ళీ చూడండి. చాలాసార్లు తప్పు సర్దుకుంటుంది.

6. ఖాళీని దాటేయకండి

కాగితం ఖాళీగా ఉన్న చోట ఏమీ లేదనుకుని వేగంగా జరిపేయడం రెండో పెద్ద పొరపాటు. ఖాళీ కాగితం ఒకచోట నీరు, ఒకచోట పొగమంచు, ఒకచోట ఆకాశం. దాన్ని ఆనుకుని ఉన్న వస్తువే అదేమిటో చెబుతుంది. ఖాళీలో పడవ ఉంటే నీరు. చెట్ల తలలకూ కొండ నడుముకూ మధ్య ఉంటే మంచు. శిఖరం పైన ఉంటే ఆకాశం. నీరు వచ్చిన చోట నడక ఆగాలి, పడవ ఎక్కాలి, పడవ నెమ్మదిగానే పోతుంది. కాబట్టి ఖాళీ మజిలీకి కొండ మజిలీ కన్నా ఎక్కువ సమయం ఇవ్వండి. ఎడమకు జరిపేటప్పుడు కూడా ఎగిరి దూకకుండా, కొద్దికొద్దిగా జరుపుతూ తరవాతి మజిలీకి చేరండి.

ఈ చోట మన చేర్యాల నకాశీ పటంతో పోలిక ఉపయోగపడుతుంది. ఆ పటాన్ని కథకుడు నిలువుగా వేలాడదీసి, పాడుతూ, గడి తరవాత గడిగా కిందికి విప్పుతూ పోతాడు, ఊరంతా కూర్చుని చూస్తుంది. గడికీ గడికీ మధ్య గీత ఉంటుంది, ఎక్కడ ఆగాలో అతడే చెబుతాడు. చైనా పటంలో గడులు లేవు, కథకుడు లేడు, చూసేవారు ఒకరిద్దరే. గడికి గడి మధ్య గీత చేసే పనిని ఇక్కడ ఖాళీ చేస్తుంది, ఎక్కడ ఆగాలో మీరే నిర్ణయించుకోవాలి.

7. ఒక్క వాలును మాత్రం దగ్గరగా చూడండి

దారి మధ్యలో, ఆరో మజిలీ ప్రాంతంలో, ఒక కొండ వాలును ఎంచుకుని పూర్తిగా పెంచి చూడండి. దూరం నుంచి మట్టిలా కనిపించినది పొడవైన, వదులైన గీతల గుంపుగా విడిపోతుంది. నానబెట్టి చిక్కు తీసిన జనుము నార పోగుల్లా అవి పైనుంచి కిందికి జాలువారుతుంటాయి. చైనా చిత్రకారులు వాటిని నార గీతలనే అంటారు. కొన్ని గీతలు పలచని తడి సిరాతో వేసినవి, వాటి మీదనే మళ్ళీ దాదాపు ఎండిన కుంచెతో లాగినవి కొన్ని. ఎండిన గీతలో కాగితం తెలుపు మధ్యమధ్య బయటపడుతుంది, ఆ తెలుపే రాయి మీద వెలుగు. ఒకే వాలు మీద చిత్రకారుడు వేరువేరు రోజుల్లో కుంచె పెట్టాడని ఈ పొరలు చూస్తే అర్థమవుతుంది.

చూసిన వెంటనే పాత కొలతకు తిరిగి రండి. ప్రతి రాయినీ పెంచి చూడడం మొదలుపెడితే అది ప్రయాణం కాదు, తనిఖీ అవుతుంది. ఒక ప్రయాణానికి ఒక వాలు చాలు.

8. ఫలితం సరిచూసుకోండి

తెర మూసి, పటం చూడకుండా, నోటుపుస్తకంలో ఒక పొడవాటి గీత గీసి కుడి నుంచి ఎడమకు మీరు వచ్చిన దారిని గుర్తులతో నింపండి. తరవాత పటం తెరిచి పోల్చుకోండి. నీరు దాటిన చోట్లు, ఇళ్ళ గుంపులు, చివరి ఒంటరి శిఖరం వరసలో సరిగ్గా వచ్చి ఉంటే ప్రయాణం జరిగినట్టే. చెట్ల సంఖ్య తప్పినా ఫరవాలేదు, వరస తప్పితే మాత్రం మీరు మధ్యలో ఎక్కడో దూకారని అర్థం. ఆ ఒక్క మజిలీని మళ్ళీ నడవండి. దారి గుర్తున్నా ఎక్కడ ఇల్లు కట్టుకుంటారో చెప్పలేకపోతే, మీరు తొందరగా నడిచారు. మరో రోజు మజిలీకి ఎనిమిది నిమిషాల చొప్పున వెళ్ళండి.

"ఆ చోటు నిజంగా ఎక్కడుంది, మ్యాపులో చూపించండి" అని కూడా చాలామంది అడుగుతున్నారు. ఫుచున్ నది నిజమే, కొండలూ నిజమే, కాని ఒకే చోట నిలబడి ఈ దృశ్యాన్ని చూడలేము. ఫొటోలతో పోల్చే పనిని ప్రయాణం అయ్యాక పెట్టుకోండి, ముందు పెట్టుకుంటే మీ కళ్ళు పటాన్ని వదిలి ఫొటోలనే చూస్తాయి.

సంగీతం పెట్టుకోవచ్చా అన్నవారికి: జోంగ్ బింగ్ చెప్పిన చిన్ వాద్యం ఇప్పుడు 'గుచిన్' పేరుతో రికార్డింగుల్లో దొరుకుతుంది, మంద్రమైన ఒక్క వాద్యమే కాబట్టి అడ్డు రాదు. గాత్రం ఉన్నదేదీ వద్దు.

9. వెనక్కి చుట్టండి

కాగితం పటం చేసుకున్నవారు చూడడం అయ్యాక దాన్ని అలాగే వదిలేయకండి. ఇప్పుడు చుట్ట కుడి చేతిలో ఉంది, పటం చివర పైకి వచ్చి ఉంది. పైపును ఎడమ చేత్తో పట్టుకుని దాని మీదికే మొత్తం తిరిగి చుట్టాలి. అలా చేయకపోతే మరుసటిసారి విప్పగానే ఒంటరి శిఖరమే ఎదురవుతుంది. చుట్టేటప్పుడు పై అంచు, కింది అంచు సమానంగా వస్తున్నాయో లేదో ప్రతి రెండు చుట్లకూ ఒకసారి చూసుకోండి. వదులుగా ఉందని రెండు చేతుల మధ్య మెలిపెట్టి బిగించకండి, పొరల మధ్య రాపిడికి సిరా చెరుగుతుంది. తాడు ఒక్క చుట్టు చుట్టి, ముడి వేయకుండా కొసను లోపలికి దోపండి. చుట్ట మీద కుడి కొస వైపు పెన్సిలుతో తేదీ రాసుకుంటే, ఈ దారిలో ఎన్నిసార్లు నడిచారో లెక్క ఉంటుంది.